విద్యుత్సంగీతంలో మనిషి మాట

సూరతు నగరానికి వస్త్రవాణిజ్యంలో శతాబ్దాల ప్రఖ్యాతి ఉన్నది. నేడు ఆ నగరంలో మరమగ్గాలు లక్షల సంఖ్యలో నడుస్తున్నవి. వాటిని నడిపే చేతులలో తెలంగాణ జిల్లాలనుండి తరలిపోయిన తెలుగు నేతగాండ్ర చేతులు తక్కువ కావు. లింబాయత్ మొదలైన పేటలలో వారి కుటుంబాలు తరాల తరబడి స్థిరపడి ఉన్నవి. నగరపాలక సంస్థ తన ప్రాథమిక విద్యలో తెలుగు మాధ్యమానికి కూడ తావిచ్చినది. అక్కడి తెలుగు ఇంటిలో ఒక తీరున, గుజరాతీ, హిందీ, మరాఠీల రాపిడి గల బజారులో వేరొక తీరున, మగ్గాల మ్రోతపై గొంతెత్తి పలకవలసిన కార్ఖానాలో ఇంకొక తీరున వినవస్తుంది.

ఇట్టి మాటను ధ్వనిముద్రణ చేసి భద్రపరచి, దాని చుట్టు విద్యుద్యంత్రాల ధ్వనులతో సంగీతం అల్లడం నేటి సాధనాలకు కష్టమైన పని కాదు. ఒకప్పుడు పెద్ద రేడియో కేంద్రాలకు మాత్రమే అందుబాటులో ఉండిన పరికరాల పనిని ఇప్పుడు ఒక చిన్న కంప్యూటరు చేయగలదు. కష్టమంతా అట్టి కృతిని విమర్శించడంలో ఉన్నది. ఇది సంగీతజ్ఞుల విషయమని సాహిత్యకారులు సాధారణంగా ప్రక్కకు తప్పుకొంటారు. అది సమంజసం కాదు. ముడిసరుకు మాట అయినచోట సాహిత్యవిమర్శకు అధికారమూ ఉన్నది, బాధ్యతయూ ఉన్నది.

ఈ విమర్శకు కావలసిన పరిభాష మన అలంకారశాస్త్రంలోనే లభిస్తున్నది. అది కాకువు. పలికే పదం మారకుండ, గొంతులోని మార్పుచేత అర్థం మారడమే కాకువు. “వచ్చినావా” అన్న ఒక్క మాట ఎదురుచూచిన తల్లి నోట సంతోషం, ఆలస్యాన్ని గమనించిన యజమాని నోట అధిక్షేపం, చీకటిలో అలికిడి విన్నవాని నోట సందేహం. లిపిలో ఈ మూడింటికి రూపం ఒక్కటే. భరతుడు నాట్యశాస్త్రంలో పాఠ్యగుణాలను వివరిస్తూ కాకువును సాకాంక్షమని, నిరాకాంక్షమని రెండుగా విభజించినాడు. అర్థం ముగియక వినేవాని మనస్సును ముందుకు లాగేది మొదటిది. అర్థం ముగిసి నిలిచేది రెండవది. పాఠ్యానికి ఉరస్సు, కంఠం, శిరస్సు అని మూడు స్థానాలను, ఉచ్చం, దీప్తం, మంద్రం, నీచం, ద్రుతం, విలంబితం అని ఆరు అలంకారాలను చెప్పినాడు. కరుణకు గాంధార నిషాదాలు, వీరరౌద్రాద్భుతాలకు షడ్జ ఋషభాలు అని రసానికి స్వరాన్ని కూడ నియమించినాడు. మాటలోనే సంగీతం ఉన్నదని భరతుడు ఎరుగును.

తరువాతివారిలో రుద్రటుడు కాకువక్రోక్తిని అలంకారాలలో చేర్చగా, రాజశేఖరుడు కావ్యమీమాంసలో ఆ మతాన్ని త్రోసిపుచ్చినాడు. కాకువు అభిప్రాయంతో కూడిన పాఠధర్మమే గాని అలంకారం కాజాలదని ఆయన వాదం. శాస్త్రగ్రంథాలలో చిన్నదిగా కనిపించే ఈ వివాదం నేటి ప్రశ్నకు నేరుగా తగులుతున్నది. భద్రపరచిన మాటను చేతికి తీసుకొన్న స్వరకర్త అందులోని కాకువును తన కృతికి నగగా తొడుగుతున్నాడా, పలికినవాని అభిప్రాయంగా నిలుపుతున్నాడా? ఈ రకపు సంగీతాన్ని కొలవడానికి ఇంతకన్న నమ్మదగిన కొలత లేదు.

మాటలోని రాగాన్ని పట్టుకోవలెనన్న తపన విద్యుద్యంత్రాలకన్న ముందటిది. చెక్ స్వరకర్త యానాచెక్ పందొమ్మిదవ శతాబ్దపు చివరి సంవత్సరాలనుండి, తాను విన్నవారి మాటల ఎత్తుపల్లాలను స్వరలిపిలో వ్రాసుకొంటూ వచ్చినాడు. 1903లో మరణశయ్యపైనున్న కుమార్తె ఓల్గా మాటలను సైతం అట్లే వ్రాసుకొన్నాడు. ఆయన వద్ద ఉన్నవి కాగితం, కలం మాత్రమే. 1948లో పారిస్ రేడియోలో పియేర్ షెఫర్ రైలుబండ్ల శబ్దాలను ముద్రించి, వాటినే కూర్చి సంగీతకృతి చేసినప్పుడు, ముద్రితధ్వని స్వయంగా సంగీతానికి ఉపాదానం కాగలదని తేలినది. అటుపిమ్మట టేపు వచ్చినది. టేపును కత్తిరించి అతికించవచ్చును, వెనుకకు త్రిప్పవచ్చును, రెండు కొనలు కలిపి ఒక్క తునకనే అంతులేకుండ వినిపించవచ్చును. 1956లో స్టాక్‌హౌజెన్ ఒక బాలుని కంఠాన్ని విద్యుత్స్వరాలలో కలిపినాడు. 1958లో బేరియో, జేమ్స్ జాయిస్ నవలలోని ఒక ఘట్టాన్ని కాథీ బెర్బేరియన్ చదువగా, ఆ పఠనాన్నే విడదీసి కృతిగా కూర్చినాడు. 1964లో బి.బి.సి.లో బారీ బెర్మాంజ్, డీలియా డెర్బిషైర్ కలసి సామాన్యులు తమ కలలను చెప్పుకొన్న మాటలకు విద్యుద్ధ్వనుల నేపథ్యం కల్పించినారు. నటులూ గాయకులూ కానివారి మాట అట్లు ఈ కళలో ప్రవేశించినది.

గుజరాత్‌కు ఈ చరిత్రలో స్వంత అధ్యాయమే ఉన్నది. సూరతుకు ఉత్తరాన, అహ్మదాబాదులో 1961లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ఏర్పడినది. 1969లో అమెరికన్ స్వరకర్త డేవిడ్ ట్యూడర్ అక్కడ మూగ్ సింథసైజరుతో ఒక సంగీతశాలను నెలకొల్పినాడు. గీతా సారాభాయి, ఐ. ఎస్. మాథుర్, అతుల్ దేశాయి, ఎస్. సి. శర్మ, జినరాజ్ జోషీపురా మున్నగువారు 1972 వరకు ఆ శాలలో టేపులపై కృతులు నిర్మించినారు. వీరిలో గీతా సారాభాయి 1946లోనే న్యూయార్కులో జాన్ కేజ్‌కు భారతీయ సంగీతం చెప్పి, ఆయనవద్ద పాశ్చాత్య సంగీతం నేర్చిన విదుషి. ఆ టేపులు దశాబ్దాల పాటు సంస్థలో మరుగున పడి ఉండి, బ్రిటిష్ కళాకారుడు పాల్ పర్గస్ పరిశోధన వలన వెలుగు చూచి, 2023లో “ది ఎన్ఐడి టేప్స్” అన్న సంపుటంగా వెలువడినవి.

ఈ అధ్యాయం రెండు పాఠాలు చెప్పుతున్నది. భారతదేశం ఈ కళలో ఆలస్యంగా అడుగు పెట్టినదన్న భావం సరికాదన్నది ఒకటి. భద్రపరచడం, వినిపించడం వేరువేరు పనులన్నది రెండవది. టేపు ఉన్నంత మాత్రాన కృతి ఉన్నట్లు కాదు. వినేవాడు వచ్చిననాడే అది మళ్లీ కృతి అవుతున్నది. ఆ సంపుటంలోని “మై బర్డ్స్”, “స్పేస్ లైనర్ 2001” వంటి పేర్లు ఆనాటి వారి దృష్టిని సూచిస్తవి: పక్షులు, వ్యోమయానం, యంత్రంలో కొత్తగా కనుగొన్న శక్తి. అహ్మదాబాదు అప్పుడు బట్టలమిల్లుల నగరమే. కాని మిల్లు కార్మికుని మాటను కేంద్రంగా నిలిపినందుకు ఆ సంపుటం పేరు పొందలేదు. సూరతును గురించి ఆలోచించేవారు అందుకోవలసిన దారం అక్కడనే ఉన్నది.

మనిషి మాటను కేంద్రంగా నిలిపిన కృతులలో అమెరికన్ స్వరకర్త స్టీవ్ రైక్ రచించిన రెండింటిని ప్రక్కప్రక్కన ఉంచి చూస్తే, కాకువు ఎట్లు నశిస్తుందో, ఎట్లు నిలుస్తుందో తెలుస్తుంది. మొదటిది 1966 నాటి “కమ్ అవుట్”. న్యూయార్కులోని హార్లెంలో 1964లో అరెస్టయిన ఆరుగురు నల్లజాతి యువకులలో డేనియల్ హామ్ ఒకడు. తనను పోలీసులు కొట్టినారని, ఆసుపత్రికి తీసుకుపోవలెనంటే రక్తం కనిపించవలసి ఉండగా కమిలిన గాయాన్ని తానే చిదిమి రక్తం చూపవలసి వచ్చినదని అతడు చెప్పిన మాట టేపుపై ఉన్నది. ఆ యువకుల పునర్విచారణకు నిధులు కూర్చే సభకోసం రైక్ ఈ కృతిని చేసినాడు. హామ్ చెప్పినది మొదట పూర్తి వాక్యంగా వినిపిస్తుంది. పిమ్మట అందులోని నాలుగైదు మాటల తునక రెండు వరుసలుగా ఆవృత్తమై, ఒకదానికొకటి కొద్దికొద్దిగా ఎడమవుతుంది. వరుసలు రెండు నాలుగై, నాలుగు ఎనిమిదై, పదమూడు నిమిషాలు ముగిసేసరికి మాట కరిగి ఒక ఘోష మాత్రమే మిగులుతుంది.

దీనిని సమర్థించేవారు, మనిషి గోడు వ్యవస్థ చెవిలో ఎట్లు అర్థం కోల్పోతుందో కృతియే చూపుతున్నదంటారు. ఆ సమర్థనలో బలం లేకపోలేదు. కాని సాకాంక్షమైన ఒక వాక్యం, అనగా జవాబు కోరుతున్న వాక్యం, చివరకు ఏ ఆకాంక్షా లేని నాదమైపోయినదన్న మాటను కూడ కాదనలేము. వినేవాడు ఆ నాదానికి పరవశిస్తాడు. గాయం మరచిపోతాడు.

తెలుగువారికి ఈ పరిణామం కొత్తది కాదు. పద్యనాటకాల వైభవకాలంలో నటుడు పద్యపు చివరి అక్షరాన్ని పట్టుకొని రాగం సాగదీసినప్పుడు సభ “వన్స్ మోర్” అని కేకలు వేసినది. పద్యం మళ్లీ వచ్చినది. రాయబారానికి వచ్చిన కృష్ణుడు మాత్రం మళ్లీ రాలేదు. ఆయన స్థానంలో గాయకుడు నిలిచినాడు. ఆవృత్తి రుచిని పెంచుతూనే సందర్భాన్ని తినివేస్తుందని మన రంగస్థలం ఏనాడో చూపినది. టేపు చేసిన పనియూ అదియే, వేగం మాత్రం ఎక్కువ.

రెండవది 1988 నాటి “డిఫరెంట్ ట్రెయిన్స్”. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికాలో తండ్రివద్దకు, తల్లివద్దకు రైళ్లలో తిరిగిన యూదు బాలుడు రైక్. అదే కాలంలో ఐరోపాలో తనవంటి పిల్లలు ఏ రైళ్లు ఎక్కవలసివచ్చినదో అన్న ఆలోచన ఈ కృతికి మూలం. తనను పెంచిన దాది వర్జీనియా మాటలను, ఒక పాత రైలు ఉద్యోగి మాటలను ముద్రించినాడు. నాజీల మారణకాండనుండి బయటపడినవారి సాక్ష్యాలను, వాటిని భద్రపరచిన సంస్థలనుండి గ్రహించినాడు. ఇందులో ఆయన అనుసరించిన పద్ధతి వేరు. మాటను వాద్యానికి లొంగదీయక, వాద్యాన్నే మాటవెంట నడిపించినాడు. స్త్రీ పలికిన మాట ఎత్తుపల్లాలను వయోలా, పురుషుడు పలికిన వాటిని చెల్లో అనుకరిస్తవి. పలికేవారు మారినప్పుడు శ్రుతి మారుతుంది, కాలం మారుతుంది. మూడు భాగాల ఈ కృతి అంతటా స్వరకర్త తన లయను పదేపదే వదులుకోవలసి వచ్చినది. ఆ వదులుకోవడంలోనే దాని ఔన్నత్యం ఉన్నది. కృతి ముగిసిన తరువాత శ్రోతకు మనుష్యులు గుర్తుంటారు. తునకలు మరీ చిన్నవన్న ఆక్షేపణకు తావున్నది. అయినను కాకువు ఇక్కడ పలికినవారిదిగానే నిలిచినది.

ఈ కృతులు ఇంగ్లీషు మాటతో చేసినవి. తెలుగుమాటతో పనిచేసేవాడు మరికొన్ని జాగ్రత్తలు ఎరుగవలె. తెలుగులో అచ్చు పొడవు అర్థభేదకం. “కల” సాగితే “కాల” అవుతుంది. “పలు” సాగితే “పాలు” అవుతుంది. ముద్రిత ధ్వనిని శ్రుతి మారకుండ సాగదీయడం నేడు క్షణంలో పని. కాని ఆ క్షణంలో పదమే మారిపోవచ్చును. ద్విత్వాల సంగతి ఇంకను సూక్ష్మమైనది. “అత్త”, “అక్క” అన్న మాటలలో ఒత్తు పలికేటప్పుడు నోరు మూసుకొన్న లిప్తపాటు నిశ్శబ్దం ఉంటుంది. ఆ నిశ్శబ్దమే ద్విత్వం. మాటల నడుమ ఖాళీలను కత్తిరించి బిగువు తేవాలనుకొన్న కూర్పరి ఆ లిప్తను కూడ తొలగిస్తే అత్త “అత” అవుతుంది. గురులఘువులతో ఛందస్సు నడిపిన జాతికి ఇది అల్పవిషయం కాదు. భాష తెలియని స్వరకర్త చెవికి ఈ లోపాలు ఏవీ లోపాలుగా తోచవు. కనుక అతని ప్రక్కన భాష తెలిసినవాడు కూర్చొని ఉండవలె.

పాత ముద్రణల విషయంలో కష్టం మరొక రకమైనది. గ్రియర్సన్ నడిపిన భారత భాషాపరిశీలనకు అనుబంధంగా 1913 నుండి 1929 వరకు దేశంలోని పలుభాషల మాటలను గ్రామఫోను పలకలపై ముద్రించినారు. 1920 దశకం నడుమదాక ధ్వనిముద్రణలో మైక్రోఫోను లేదు. పెద్ద గరాటు ఎదుట నిలిచి గట్టిగా పలకవలె. పైస్థాయి ధ్వనులు అందులో సరిగా పడవు గనుక స, శ, షల భేదం మసకబారుతుంది. ఆ గరగరను తుడిచివేయబోతే మిగిలిన కాస్త సకారమూ తుడిచిపోతుంది. అంతకన్న ముఖ్యమైనది, పలికించిన విషయం. భాషలను పోల్చడానికి వీలుగా బైబిలులోని తప్పిపోయిన కుమారుని కథను ఆ పరిశీలనలో నమూనాగా వాడినారు. తనది కాని కథను, ఎన్నడూ చూడని యంత్రం ఎదుట, అధికారుల సమక్షంలో చెప్పేవాని గొంతులో వినిపించేది అతని నిత్యజీవితపు కాకువు కాదు. భద్రపరచిన ప్రతి మాటా సహజమైన మాట అనుకోవడం స్వరకర్తలు తరచు పడే భ్రమ.

ఆ అధికారపు చట్రంలోనే మనిషి తన మాటకు దారి చేసుకొన్న సందర్భమూ ఉన్నది. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనులకు చిక్కిన భారతీయ సైనికులను బెర్లిన్ సమీపాన వూన్స్‌డోర్ఫ్ శిబిరంలో ఉంచి, వారి మాటలను పలకలపై ముద్రించినారు. 1916 డిసెంబరు 11న మాల్ సింగ్ అన్న పంజాబీ సైనికుడు గరాటు ఎదుట నిలిచి, ఒకానొక మనిషి కథగా తన కథనే చెప్పినాడు: స్వదేశంలో వెన్న తిన్న మనిషి యుద్ధానికి వచ్చి బందీ అయినాడని, ఇంకను ఇక్కడే ఉంటే చనిపోతాడని. “నేను” అనక “అతడు” అనడంలో ఎంత భయం, ఎంత నేర్పు ఉన్నవో కాకువు మాత్రమే చెప్పగలదు. ఫిలిప్ షెఫ్నర్ 2007లో తీసిన “ది హాఫ్‌మూన్ ఫైల్స్” అన్న చిత్రం ఆ గొంతును అంతరాయం లేకుండ విననిచ్చినందువల్లనే విలువైనది.

ఇప్పుడు సూరతుకు తిరిగి రావచ్చును. గ్రియర్సన్ పరిశీలన మద్రాసు రాజధానిని, హైదరాబాదు సంస్థానాన్ని వదలివేసినది. అయినను స్టెన్ కోనో సిద్ధపరచగా 1906లో వెలువడిన దాని నాలుగవ సంపుటంలో తెలుగునేల వెలుపలి తెలుగు మాండలికాలు కొన్ని నమోదైనవి. అందులో చాందా జిల్లా సాలెవారి భాష ఒకటి. అనగా వలసపోయిన నేతగాని తెలుగు నూరేండ్లకు పూర్వమే శాస్త్రజ్ఞుల కాగితంపైకి ఎక్కినది. కాగితంపై వ్యాకరణం దొరుకుతుంది. మ్రోతమీద వేసిన కేక దొరకదు.

ఆ మ్రోత కూడ మారిపోతున్నది. నాడె అటునిటు కొట్టుకొనే మరమగ్గం చప్పుడు వేరు. నీటిధారతో పేకను విసరే కొత్త యంత్రం చప్పుడు వేరు. సూరతులో రెండవదాని వ్యాప్తి పెరిగినది. చప్పుడు మారితే దానిపై పలికే గొంతు స్థాయి, మాటల నడుమ విరామం, సైగ కూడ మారుతవి. సిరిసిల్ల ప్రాంతపు నేతగాండ్రు మరమగ్గాన్ని “సాంచె” అంటారు. గుజరాతీలో యంత్రాన్ని “సంచో” అంటారు. ఈ రెండు మాటల చుట్టరికం నిఘంటుకారుడు ఒక పంక్తిలో వ్రాయగలడు. కాని లింబాయత్‌లో ఒక ముదుసలి నేతగాడు “సాంచె” అన్నప్పుడు ఆ మాటలో ఊరు ఎంత పలుకుతుందో, నగరం ఎంత పలుకుతుందో ధ్వనిముద్రణయే చెప్పవలె. సూరతు నగరమే కన్న నర్మద్ గుజరాతీకి మొదటి గొప్ప నిఘంటువులలో ఒకటైన నర్మకోశాన్ని నిర్మించినాడు. 1886లో ఆయన మరణించేనాటికి ఈ దేశంలో గ్రామఫోను ముద్రణ ఇంకను ఆరంభం కాలేదు. ఆయన కూర్చిన పదాలు మిగిలినవి, ఆయన వాటిని పలికిన తీరు మిగలలేదు. నేటి నేతగాని విషయంలో అట్టి సాకు చెప్పుకోవడానికి వీలు లేదు.

అట్టి ముద్రణలు జరిగి, వాటిచుట్టు సంగీతం అల్లబడిననాడు విమర్శకుడు మొదట అడుగవలసినది అనుమతిని గురించి. 1981లో బ్రయన్ ఈనో, డేవిడ్ బర్న్ కలసి చేసిన సంపుటంలో ఖురాన్ పఠనపు ముద్రణను వాడగా, ముస్లిముల నుండి అభ్యంతరం వచ్చి తరువాతి ప్రచురణలలో ఆ కృతిని తొలగించినారు. పలికిన వేళకు ఒక పవిత్రత ఉంటుంది. ఆ వేళనుండి మాటను పెకలించేవాడు అడిగి పెకలించవలె. రెండవది, మూలముద్రణను గురించి. కృతి ఎంత మారినను, మారని మూలం శ్రోతకు అందుబాటులో ఉండవలె; దానితోపాటు పలికిన మాటల పూర్తి పాఠం, వేరుభాషలవారికి అనువాదం ఉండవలె. మూడవది, పేరును గురించి. ఇష్టపడినవారి పేరు స్వరకర్త పేరు ప్రక్కనే అచ్చు కావలె. ఇవన్నీ మర్యాదలు. అసలు పరీక్ష చివరిది: కృతి విన్న తరువాత మూలాన్ని వింటే, ఆ మనిషి మునుపటికన్న స్పష్టంగా వినిపించవలె. ఆ మాట ముందే తెలిసిన సరుకువలె తోచితే, కృతి ఎంత మనోహరమైనను అది విఫలమైనట్లే.

ఈ పరీక్ష అనువాదకునికి చిరపరిచితం. మంచి అనువాదం చదివినవానికి మూలభాష నేర్చుకొందామని బుద్ధి పుడుతుంది. చెడ్డ అనువాదం ఇక మూలం అవసరం లేదనిపిస్తుంది. భద్రపరచిన మాటకు సంగీతం కూర్చేవాడు కాకువును ఒక మాధ్యమంనుండి మరొక మాధ్యమంలోకి తెచ్చే అనువాదకుడే. అతనికి స్వేచ్ఛ ఉన్నది, ఋణమూ ఉన్నది.

తెలుగు రచయితలకు ఇందులో చేయవలసిన పని కొంత ఉన్నది. 1981లో లండన్‌లో మహాప్రస్థానం కవి చేవ్రాతతో, కవి స్వయంగా చదివిన కాసెట్టుతో వెలువడినప్పుడు, శ్రీశ్రీ కవిత్వంలో అచ్చు అందించలేని అంశం పాఠకులకు అందినది. కవికి దక్కిన ఆ గౌరవం నేతగానికి దక్కకూడదన్న నియమం లేదు. సూరతులో, షోలాపురంలో, భివండిలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పెద్దలు తమ కథను తమ మాటలలో, తమ ఇంటి అరుగుపై, తొందర లేకుండ చెప్పగా ముద్రించి ఉంచడం రచయితలు చేయగల పని. దానికి స్వరకర్త వచ్చేదాక వేచి ఉండనక్కరలేదు. అప్పుడు ఏ యువకుడో ఆ మాటలను తన యంత్రానికి ఎక్కించదలచితే, అతని ప్రక్కన కూర్చొని, ఇక్కడ సాగదీయవద్దు, ఈ నిశ్శబ్దాన్ని కత్తిరించవద్దు, ఇది ప్రశ్న కాదు, ఎత్తిపొడుపు అని చెప్పగల చెవి వారికి ఉండవలె.